అత్తగారి ముప్పై ఒక్క ఆలస్యాలు

ఆ ఉదయం అల్లుడి పథకం చాలా చిన్నది. పదిన్నరకు డైరెక్టరు గదిలో పది గ్రాఫులు చూపించాలి, పదకొండుకల్లా బయటికొచ్చి టీ తాగాలి. అంతకుమించి ఆ రోజు నుంచి అతను ఏమీ ఆశించలేదు.

అతను పెద్దాసుపత్రి రక్తపరీక్షల ల్యాబులో గణాంకాల ఉద్యోగి. అదే ల్యాబులో అందరికన్నా పాత టెక్నీషియను అతని అత్తగారు. ఆరేళ్ల క్రితం ఆ ఉద్యోగ ప్రకటన చూసి, కత్తిరించి, అతని చేత దరఖాస్తు పెట్టించింది ఆవిడే. అందరూ ఉండేది ఒకే ఇంట్లో. రోజూ ఏడూ నలభై బస్సు ఎక్కి ఇద్దరూ కలిసే వెళ్తారు. ల్యాబులో మాత్రం ఆవిడ అందరికీ పెద్దక్క.

ఇదివరకు అతను ఒక్కో గ్రాఫుకు ఒక్కో ప్రోగ్రాము ముక్క రాసేవాడు. ఆలస్యాలకు ఒకటి, పగిలిన ట్యూబులకు ఒకటి, సెలవులకు ఒకటి. రాసిందే రాయడం, పేరు మార్చడం. ఈసారి తెలివిగా అన్ని గ్రాఫులకూ పనికొచ్చే ఒకే ఒక్క ముక్క రాశాడు, దాన్ని ఫంక్షను అంటారు. పట్టికలో ఏ నిలువు వరుస కావాలో దాని పేరు అందిస్తే చాలు. ఆ వరుసలోని అంకెలను "వై" అనే పేరుతో పట్టుకుని, గ్రాఫు గీసే ఆదేశానికి అప్పగిస్తుంది. పైన శీర్షిక కూడా తానే రాసుకుంటుంది. కిందటేడాది పట్టిక మీద పరీక్షిస్తే తిరుగులేకుండా నడిచింది. ఆ సంతోషాన్ని అతను ఇంట్లో టిఫిను దగ్గర దాచుకోలేకపోయాడు.

"పది గ్రాఫులకూ ఒకటే ఫంక్షను. తప్పుంటే ఒక్కచోట దిద్దితే పదింట్లోనూ పోతుంది," అన్నాడు.

భార్య బళ్లో లెక్కలు చెప్పే మనిషి. "మరి ఒక్కచోట తప్పుంటే పదింట్లోనూ వస్తుందిగా," అంది.

"పనికి వెళ్లే మనిషిని అలా అనకే," అని అత్తగారు కూతుర్ని మందలించి, అల్లుడి చొక్కా కాలరు వెనక మడత సరిచేశారు. ఆవిడకూ ఆ రోజు ముఖ్యమైనదే. నాలుగో అంతస్తులో కొత్తగా శిక్షణ గది కట్టారు. కొత్తగా చేరే పదిమందికి పని నేర్పే బాధ్యత ఎవరికి ఇవ్వాలో ఆ మీటింగులోనే తేలుతుంది. అది పెద్దక్కకేనని అందరూ అనుకుంటున్నారు. ఆ గదిలో బల్ల ఏ కిటికీ పక్కన వేయించాలో కూడా ఆవిడ చూసుకున్నారు.

ల్యాబుకు వెళ్లాక అల్లుడు తాజా పట్టిక తెరవకుండానే ఫంక్షనుకు అప్పగించాడు. పది గ్రాఫులు తయారయ్యాయి. ఒక్కొక్కటి ఒక్కో రంగులో వచ్చేలా ముందే ఏర్పాటు చేసుకున్నాడు. శీర్షికలు పదీ వేరువేరుగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. ఉన్నాయి. ఇంకేం కావాలి.

డైరెక్టరు మూడు నెలల క్రితం బదిలీ మీద వచ్చినాయన. "నేను మనుషుల్ని చూడను, అంకెల్ని చూస్తాను," అని వచ్చిన మొదటి రోజే చెప్పిన మనిషి. టెక్నీషియన్లు తొమ్మిది మందీ కుర్చీల్లో సర్దుకున్నారు. గోడ మీద మొదటి గ్రాఫు నీలం రంగులో పడింది. శీర్షిక "ఆలస్యాలు". ఒక్కో టెక్నీషియనుకు ఒక్కో కడ్డీ, అన్నిటికన్నా పొడుగుది అత్తగారిది. ముప్పై ఒకటి.

అల్లుడు గోడ వంక చూశాడు. ఆరేళ్లుగా ప్రతి ఉదయం తను ఆవిడ వెనకాలే గేటు దాటుతున్నాడు. ఆ సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాకపోలేదు. గేటు దాటాక స్టోరు వైపు వెళ్లి హాజరు వేయడం మరిచిపోతున్నారేమో అనుకున్నాడు. తన ఫంక్షనును అనుమానించడం కన్నా అత్తగారిని అనుమానించడం అతనికి తేలికైంది. తర్వాత ఎన్ని రోజులు తలుచుకున్నా అతన్ని కుంగదీసింది ఆ తేలికే.

రెండో గ్రాఫు ఆకుపచ్చలో వచ్చింది. "పగిలిన ట్యూబులు". అత్తగారికి ముప్పై ఒకటి. మూడోది నారింజ రంగు. "మళ్లీ చేయాల్సి వచ్చిన పరీక్షలు". ముప్పై ఒకటి.

"ఇది ఖాయమేనా?" అని డైరెక్టరు అడిగాడు. "వీరు మీకు అత్తగారు కదా."

బంధుప్రీతి అనే మాట వస్తుందని భయపడి అల్లుడు వెన్ను నిటారు చేశాడు. "బంధుత్వం ఇంటి దగ్గర సార్. అంకెలు అబద్ధం ఆడవు."

రెండో స్థానంలో ఇరవై రెండుతో ఉన్నవాడు సీనియరు టెక్నీషియను. గుబురు మీసాల వల్ల ల్యాబంతా అతన్ని మీసాలాయన అంటుంది. తన కడ్డీ మీదికి ఎవరి చూపూ పోకముందే అతను నోరు విప్పాడు. "వయసు సార్. చెయ్యి వణుకుతుంది. పెద్దక్క తప్పేం లేదు."

అత్తగారు ఒళ్లోని చేతిసంచీ పట్టుకుని తన చేతుల వంక చూసుకున్నారు. అవి వణకడం లేదు. "పగలగొట్టానేమో సార్. గుర్తు రావడం లేదు," అన్నారు మెల్లగా.

డైరెక్టరు మిగతా గ్రాఫులు చూడలేదు. మూడు చాలన్నాడు. అన్నిటిలోనూ అతి పొట్టి కడ్డీ ఎవరిదని అడిగాడు. కిందటేడాది చేరిన అమ్మాయిది. అన్నిటిలోనూ ఒకటే. ఆమెను ల్యాబులో తుఫాను అంటారు. చేరిన మొదటి వారంలోనే రెండు ట్రేలు, ఒక కిటికీ అద్దం, ఒక ఇన్స్పెక్టరు కళ్లజోడు ఆమె చేతుల మీదుగా పోయాయి.

"శిక్షణ బాధ్యత ఈ అమ్మాయికి ఇస్తున్నాం," అన్నాడు డైరెక్టరు.

తుఫాను లేచి నిలబడింది. "సార్, నిన్న కూడా నేను రెండు ట్యూబులు పగలగొట్టాను."

"చూశారా, ఎంత వినయమో," అన్నాడాయన అందరి వైపూ తిరిగి. పెద్దక్కను రిసెప్షనులో చీటీలు తీసుకునే పనికి మార్చారు. శాంపిళ్ల ఫ్రిజ్ తాళం అప్పగించమన్నారు. మిగిలిన గ్రాఫులన్నీ అచ్చు తీసి నోటీసు బోర్డులో పెట్టమని అల్లుడికి చెప్పారు.

వరండాలో అత్తగారు అతన్ని ఆపారు. ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే అతన్ని చంపేసింది. "బాబూ, మనం రోజూ కలిసే వస్తాం కదా. మరి నేను ఆలస్యంగా వచ్చిన రోజుల్లో నువ్వెవరితో వచ్చావు?"

"రికార్డులో అలా ఉంది అత్తయ్యా," అన్నాడు. ఆవిడ తలాడించి, గుత్తిలోంచి ఫ్రిజ్ తాళంచెవి విడదీసి తుఫాను చేతిలో పెట్టి, రిసెప్షను వైపు వెళ్లిపోయారు.

పదకొండుకు అతను టీ తాగలేదు. గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండున్నరకు భార్య నుంచి ఫోను వచ్చింది.

"అమ్మ మతిమరుపు డాక్టరు ఎవరున్నారని అడుగుతోంది. ముప్పై ఒక్కసార్లు ఏదో అయిందట, ఒక్కటీ గుర్తు లేదట. ఏం జరిగింది?"

"ఆఫీసు విషయం. సాయంత్రం చెబుతాను."

"గ్యాసు కట్టేశానో లేదో చూడమని పక్కింటావిడను కూడా పంపింది. ఆవిడ తాళం పగలగొట్టించి లోపలికెళ్లిందట. గ్యాసు కట్టేసే ఉందట. మీ గ్రాఫుల్లో ఏముందండీ?"

"అంకెలు," అన్నాడతను.

"మీరు వాటిని చూశారా?"

అతను ఫోను పెట్టేశాడు. అత్తగారి గురించి ఇంకేం చెబుతాయోనని మిగతా గ్రాఫుల వంక చూడటానికి అతనికి మొహం చెల్లలేదు. తల పక్కకు తిప్పుకునే ఏడూ అచ్చు తీశాడు. తల పక్కకు తిప్పుకునే బోర్డుకు గుచ్చాడు. ఒక పిన్ను వేలికి గుచ్చుకుంది. ఇది నాకు కావాల్సిందే అనుకున్నాడు.

ఈలోగా రిసెప్షనులో అత్తగారు భోజన విరామం దొరకగానే తన చెయ్యి తానే చాపి, జ్ఞాపకశక్తి తగ్గితే చేసే పరీక్షలన్నీ తనకూ చేయమన్నారు. కొత్తగా పెద్దరికం వచ్చిన తుఫాను ఆ పని వేరెవరికీ ఇవ్వలేదు. పెద్దక్క చేతిని మూడుచోట్ల వెతికి, ఎట్టకేలకు రక్తం తీసి, ట్యూబు వెలుగులో పెట్టి చూసి మురిసిపోయి, జారవిడిచింది. రెండో ట్యూబును అలా పోగొట్టకూడదని పరుగున ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి లోపల పెట్టి, చేతిలో ఉన్నవన్నీ కూడా లోపలే పెట్టి, తలుపు మూసింది. ఆ తలుపు మూస్తే దానంతటదే తాళం పడుతుంది. తాళంచెవి లోపల ఉంది.

మధ్యాహ్నం వార్డుల నుంచి వచ్చిన ఇరవై రెండు శాంపిళ్లు బల్ల మీద వరసగా నిలబడ్డాయి. అవి ఎంతోసేపు చల్లదనం లేకుండా ఆగవు. తుఫాను తలుపును లాగింది, తట్టింది, బతిమాలింది. కన్నీళ్లు పెట్టుకుంటూ రిసెప్షనుకు వచ్చింది. "పెద్దక్కా, నేను చెబితే ఆయన వినయం అన్నారు. ఇప్పుడు మీరైనా నమ్మండి."

అదే సమయానికి నోటీసు బోర్డు దగ్గర నవ్వులు మొదలయ్యాయి. మొదట ఇద్దరు, తర్వాత పదిమంది, తర్వాత పక్క విభాగం వాళ్లు కూడా. అల్లుడు తన గదిలోంచి విన్నాడు. అత్తగారిని చూసి నవ్వుతున్నారనుకుని చెవులు మూసుకున్నాడు. మీసాలాయన తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో బోర్డు మీంచి పీకిన కాగితం ఉంది.

"ఇదేమిటయ్యా?"

గులాబీ రంగు గ్రాఫు. శీర్షిక "ప్రసూతి సెలవులు". యాభై తొమ్మిదేళ్ల అత్తగారికి ముప్పై ఒకటి. దాని పక్కన, మీసాలాయనకు ఇరవై రెండు.

"మా ఆవిడ పై అంతస్తులో నర్సు. ఆమె అప్పుడే చూసి వెళ్లింది," అన్నాడు మీసాలాయన. "నాకు ఎన్నో నెలని అడిగింది."

అల్లుడు లేచి బోర్డు దగ్గరికి పరుగెత్తాడు. "రోగుల మెచ్చుకోలు ఉత్తరాలు", అత్తగారికి ముప్పై ఒకటి. "ఫిర్యాదులు", ముప్పై ఒకటి. "అదనంగా పనిచేసిన రోజులు", ముప్పై ఒకటి. రంగులు తీసేస్తే పది గ్రాఫులూ ఒకటే గ్రాఫు. కడ్డీల ఎత్తు వెంట్రుకవాసి కూడా మారలేదు. ఉదయం నుంచి ఎనిమిది మంది టెక్నీషియన్ల ముందు, ఒక డైరెక్టరు ముందు, ఒక అత్తగారి ముందు తను ఒకే బొమ్మను రంగులు మార్చి చూపించాడు.

అతను ఆ రోజు మొదటిసారి పట్టిక తెరిచాడు. చివర ఒక కొత్త నిలువు వరుస ఉంది. దాని తల మీద ఒకే ఒక్క అక్షరం. "వై".

పట్టిక రాసే గుమాస్తాను పిలిస్తే అతను కళ్లజోడు పైకి తోసుకుని వచ్చాడు. "నిన్న సాయంత్రం డైరెక్టరు గారు ఎవరికెన్నేళ్ల సర్వీసో అది కూడా వేయమన్నారు. ఇంగ్లీషులో ఇయర్స్ అని రాద్దామంటే గడి ఇరుగ్గా ఉంది. మొదటి అక్షరం పెట్టాను. తప్పా?"

తప్పు అతనిది కాదు. గ్రాఫు గీసే ఆదేశానికి ఒక అలవాటుంది. ఏ పేరు చెప్పినా ముందు పట్టికలోకి వెళ్లి, ఆ పేరుతో వరుస ఉందేమో చూస్తుంది. లేకపోతేనే బయటికొచ్చి, ఫంక్షను చేతిలో ఉన్నదాన్ని అడుగుతుంది. కిందటేడాది పట్టికలో వై లేదు కాబట్టి బయటి వై పలికింది. ఈ ఏడాది లోపలి వై పలికింది. శీర్షికకు పట్టికతో పనిలేదు కనుక అది మాత్రం అడిగిన పేరే రాసుకుంది. అల్లుడు ఆలస్యాలు అడిగినా, ట్యూబులు అడిగినా, ప్రసూతి సెలవులు అడిగినా, వచ్చింది సర్వీసే. అత్తగారు ముప్పై ఒక్కసార్లు ఆలస్యంగా రాలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా పనికి వస్తున్నారు. అది చూపించి, ఇవి ఆవిడ తప్పులని అతను సాక్ష్యం చెప్పాడు.

అల్లుడు బోర్డు మీది కాగితాలన్నీ పీకి, మీసాలాయన దగ్గరున్నదీ తీసుకుని చొక్కా లోపల దాచుకోబోయాడు. అవి పట్టలేదు. చంకలో పెట్టుకుని అత్తగారిని వెతుక్కుంటూ వెళ్లాడు.

ఆవిడ రిసెప్షనులో లేరు. ఫ్రిజ్ దగ్గర నేల మీద కూర్చుని, స్క్రూడ్రైవరుతో తలుపు కీలు విప్పుతున్నారు. పక్కన తుఫాను స్క్రూలు పట్టుకుని నిలబడింది. స్క్రూలు కింద పడకుండా ఆమె గుప్పిటను మరో ఇద్దరు పట్టుకున్నారు.

"అత్తయ్యా, మీతో ఒక మాట చెప్పాలి."

"ఆగు బాబూ, చేతిలో పనుంది. ఆ ర్యాకు పట్టుకో."

అతను ర్యాకు పట్టుకున్నాడు. తలుపు ఊడింది. ఆవిడ ఒక్కో శాంపిలు చీటీ చదివి, చీటీనీ ట్యూబునీ సరిపోల్చి, లోపల సర్దారు. ఇరవై రెండూ అయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ అతను నోట్లో క్షమాపణతో, చేతిలో ర్యాకుతో, చంకలో ఏడు అబద్ధాలతో నిలబడ్డాడు. దారిన పోయేవాళ్లు ఆ గులాబీ కాగితం అంచు చూసి నవ్వుకుంటూ పోయారు. తలుపు మళ్లీ బిగించాక ఆవిడ చేతులు తుడుచుకుని, "ఇప్పుడు చెప్పు," అన్నారు.

చెప్పాడు. తొట్రుపడుతూ, ఏదీ దాచకుండా చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు.

"అయితే నాకు మతిమరుపు లేదన్నమాట," అన్నారు చివరికి.

"లేదత్తయ్యా."

"తాళం ఊరికే పగలగొట్టించాను." కళ్లు తెరిచారు. "తప్పు ఎవరికైనా వస్తుంది బాబూ. నేనెప్పుడైనా ఆలస్యంగా వచ్చానా అని నన్నొక్క మాట అడగాల్సింది. నీ పక్క కుర్చీలోనే ఉన్నాను."

తిట్టి ఉంటే బాగుండేదని అతను తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

నాలుగింటికి డైరెక్టరు గదిలో అందరూ మళ్లీ కూర్చున్నారు. పొద్దున కూర్చున్నవాళ్ల ముందే చెప్పాలని అత్తగారు కాదు, అతనే పట్టుబట్టాడు. డైరెక్టరు ఆ కాగితాలు తిప్పి తిప్పి చూశాడు. "అంకెలు అబద్ధం ఆడవన్నారు మీరు."

"అంకెలు ఆడలేదు సార్. నేనాడాను. వాటికి వేరే పేరు పెట్టి చూపించాను. చూపించే ముందు చూసుకోలేదు."

"నేను చూశాను. చూసి మూడింటితో ఆపేశాను," అన్నాడు డైరెక్టరు, పెద్దక్క వంక కాకుండా కిటికీ వంక చూస్తూ. నాలుగోది కూడా చూసి ఉంటే తన మాట పరువు దక్కేదని ఆయనకు తెలిసినట్టుంది.

అసలు గ్రాఫులు గోడ మీద పడ్డాయి. ఆలస్యాల్లో అత్తగారి దగ్గర కడ్డీయే లేదు. అందరికన్నా పొడుగ్గా మీసాలాయన నిలిచాడు. ఆయన మాత్రం ప్రసూతి సెలవుల్లో తనకు సున్నా వచ్చిందని, ఆ ఒక్క కాగితం అచ్చు తీసిస్తే ఇంటికి పట్టుకెళతానని అడిగాడు. పగిలిన ట్యూబుల గ్రాఫులో తుఫాను కడ్డీ గోడ దాటి కప్పుకు తగిలింది. ఆమె ముఖంలో ఆ రోజు మొదటిసారి ఊరట కనిపించింది.

శిక్షణ గది పెద్దక్కకు దక్కింది. ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టారు. పేర్లతో పని ఉన్న ప్రతి ఒక్కరూ ముందు తన తరగతిలో కూర్చోవాలని. జాబితాలో మొదటి పేరు అల్లుడిది.

సాయంత్రం బస్సులో ఆవిడ పక్క సీటు ఖాళీగా ఉన్నా అతను కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు స్టాపులు చూసి ఆవిడ సీటు మీద తట్టారు. "కూర్చో. నిలబడితే తప్పు తరుగుతుందా?" కూర్చున్నాడు. ఇంట్లో భార్య కొత్త తాళంచెవి అతని ముందు పెట్టి, ఒక్క మాట కూడా అనలేదు. లెక్కల టీచరు ఏమీ అనకపోతే అది ఎంత పెద్ద మాటో పెళ్లయినవాళ్లకే తెలుస్తుంది.

సోమవారం నాలుగో అంతస్తులో మొదటి తరగతి. పదిమంది కొత్తవాళ్లు, తుఫాను, వెనక బెంచీలో అల్లుడు. అత్తగారు అతని చేతికొక చీటీ ఇచ్చి, కింద వేచి ఉన్నవాళ్లలోంచి ఆ మనిషిని తీసుకురమ్మన్నారు. అతను హాల్లో నిలబడి పేరు గట్టిగా పిలిచాడు. ముందు వరసలో కునుకు తీస్తున్న పెద్దాయన "ఊఁ" అని లేచాడు. అల్లుడు గౌరవంగా ఆయన చెయ్యి పట్టుకుని నాలుగు అంతస్తులు ఎక్కించుకొచ్చాడు. తీరా చూస్తే చీటీ మీది పేరు ఆయనది కాదు. మనవడి కోసం కూర్చున్న మనిషి.

అత్తగారు పెద్దాయనకు కుర్చీ వేయించి, మంచినీళ్లిచ్చి, తరగతి వైపు తిరిగారు. "పేరు పిలవకూడదు. మీ పేరేమిటని అడగాలి. పిలిస్తే దగ్గర్లో ఉన్నవాళ్లు పలుకుతారు. చీటీ మీదున్న పేరు వాళ్ల నోటి నుంచి రావాలి. వచ్చేదాకా సూది ముట్టకూడదు."

పదిమందీ రాసుకున్నారు. అల్లుడు అందరికన్నా ముందు రాసుకుని, తల ఎత్తకుండా ఆ వాక్యం కింద గీత గీశాడు.

వారం చివర అత్తగారు మార్కులు చేత్తోనే వేసి తలుపుకు అంటించారు. తుఫానుకు పదికి ఆరు, అల్లుడికి నాలుగు. వాటికి గ్రాఫు గీయమని అతన్ని ఎవరూ అడగలేదు.